లక్షలోపు స్విస్ వాచీ

కువైట్ నుంచో, దుబాయ్ నుంచో, మస్కట్ నుంచో సెలవు మీద వచ్చే మన కోనసీమ వాళ్ళు బయల్దేరే ముందు ఇంటికి ఫోన్ చేసి అడిగే మాట ఒకటుంది. "ఏం తెమ్మంటారు?" అని. ఒకప్పుడు దానికి జవాబు నాలిక చివరే ఉండేది. టేప్ రికార్డరు, సెంటు సీసా, పౌడరు డబ్బాలు, ఫారిన్ వాచీ. టేప్ రికార్డర్ల కాలం అయిపోయింది. సెంటూ పౌడరూ అమలాపురం బజార్లోనే దొరుకుతున్నాయి. వాచీ ఒక్కటే ఇంకా ఆ జాబితాలో మిగిలింది. మిగలడమే కాదు, దాని స్థాయి కూడా పెరిగింది. రాజోలు, మలికిపురం, పి.గన్నవరం వైపు కుర్రాళ్ళు ఇప్పుడు "ఫారిన్ వాచీ" అని ఊరుకోవడం లేదు. "స్విస్ ఆటోమేటిక్ కావాలి, లక్షలోపు ఏదొస్తుంది?" అని అడుగుతున్నారు.

ఇవాళ నా ప్రసంగం ఆ ప్రశ్న గురించే. సెల్లు లేకుండా, మర మీద నడిచే స్విస్ వాచీ, లక్ష రూపాయల లోపు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వాచీని చూసే ముందు, దాన్ని విప్పి బాగుచేసే మనిషి ఎక్కడున్నాడో చూసుకోండి. డయలు రంగు, కంపెనీ పేరు, చైను మెరుపు అన్నీ ఆ తర్వాతే.

స్విస్ వాచీ మనకి కొత్తేం కాదు. వెస్ట్ ఎండ్ వాచ్ కంపెనీ 1886లోనే బొంబాయిలో దుకాణం తెరిచింది. 1737లో పుట్టిన ఫేవర్ లూబా అంతకు ముందే, 1865 ప్రాంతంలో, మన దేశంలో అడుగుపెట్టింది. ఆ ఫేవర్ లూబా సీ కింగ్, సీ చీఫ్ వాచీలు మన తాతల తరంలో బడి పంతుళ్ళ చేతుల మీద, కరణాల చేతుల మీద కనబడేవి. పెళ్ళిమాటల్లో సైకిలు, రేడియో, వాచీ ఒక వరసలో నడిచేవి. అలకపాన్పు ఎక్కిన పెళ్ళికొడుకు వాచీ పెడితే తప్ప దిగనంటే, మావగారు పైకి గునుస్తూ, అప్పటికే కొని ఉంచిన పెట్టెని జేబులోంచి తీసేవారు.

అవన్నీ కీ వాచీలు. పొద్దున్నే లేచి కీ ఇవ్వాలి. రోజుకి అర నిమిషమో నిమిషమో తేడా వచ్చేది. దాన్ని సరిచేసుకోవడానికి ఊరందరికీ ఉన్న ఆధారం రేడియోయే. వార్తలకి ముందు పీప్ పీప్ మనే శబ్దాలు రాగానే అరుగు మీద కూర్చున్న పెద్దలందరూ ఒక్కసారి చేతులు పైకెత్తి ముళ్ళు తిప్పుకునేవారు. వంతెనలు రాని ఆ రోజుల్లో రేవులో పంటు వెళ్ళిపోతే మళ్ళీ పంటు వచ్చేదాకా గట్టు మీద కూర్చోవాలి. వాచీ ఉన్న మనిషికి ఊళ్ళో ఉన్న విలువ అందుకే.

తర్వాత విదేశీ వాచీల దిగుమతికి అడ్డుకట్ట పడింది. 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో బెంగుళూరులో హెచ్.ఎం.టి. వాచీలు మొదలయ్యాయి. హైదరాబాద్ ఆల్విన్ కూడా సీకోతో కలిసి వాచీలు చేసింది. 1987లో టైటాన్ సెల్లు వాచీలు బజారులోకి తెచ్చింది. కీ ఇవ్వక్కర్లేదు, నెలకి కొన్ని సెకన్లకి మించి తేడా రాదు. ఇంకెవరికి కావాలి మర వాచీ? స్విట్జర్లాండ్ వాళ్ళకే దిక్కు తోచని రోజులవి. 1969 డిసెంబరు 25న సీకో ఆస్ట్రాన్ అనే క్వార్ట్జ్ వాచీ వచ్చాక, అక్కడ వాచీ పరిశ్రమలో పనిచేసేవాళ్ళు తొంభై వేల నుంచి పదిహేనేళ్ళలో ముప్ఫై వేల చిల్లరకి పడిపోయారు. ఇక్కడ మన ఊళ్ళలో జరిగింది కూడా అదే. దాని లెక్క మాత్రం ఎవరూ రాయలేదు.

వాచీ రిపేరు షాపు మీకు గుర్తుండే ఉంటుంది. నాలుగడుగుల బడ్డీ, గాజు పలక వేసిన చిన్న బల్ల, దాని మీదికి వంగి కంటికి భూతద్దం బిగించుకున్న మనిషి. పెట్రోలు పోసిన చిన్న గిన్నెలో చక్రాలు వేసి, బ్రష్షుతో కడిగి, ఆరబెట్టి, దుమ్ము పడకుండా గాజు మూత కింద ఉంచేవాడు. సూదిమొనతో ముంచి తీసిన నూనె బొట్టు ఒక్కొక్క రాయి దగ్గర పెట్టేవాడు. నూనె ఎక్కువైనా పారిపోతుంది, తక్కువైనా అరుగుతుంది. ఆ చేతికి అదంతా లెక్కే. సెల్లు వాచీలు వచ్చాక ఆ మనిషికి పని సెల్లు మార్చడం, బెల్టు మార్చడం వరకే మిగిలింది. కొడుకులు సెల్‌ఫోన్ రిపేర్లలోకి వెళ్ళారు. అమలాపురం గడియార స్తంభం సెంటర్ చుట్టుపక్కలయినా, కొత్తపేట బజార్లోనయినా, స్విస్ ఆటోమేటిక్ మూత తీసి లోపల చెయ్యిపెట్టగల మనిషిని ఇప్పుడు వెతుక్కోవాలి.

మరి సెల్లు వాచీ కంటే టైము తక్కువ కచ్చితంగా చూపించే వస్తువుకి అరవై, డెబ్బై వేలు ఎందుకు పోయడం? అవసరమేమీ లేదు, ఒట్టి ముచ్చట. ముచ్చట అని ఒప్పుకుని కొంటే తర్వాత బాధ ఉండదు. వెనక అద్దంలోంచి చూస్తే లోపల బ్యాలెన్సు చక్రం అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది. స్ప్రింగులో దాచిన బలాన్ని ఒక్కొక్క పంటికి ఒక్కొక్క అడుగు చొప్పున వదులుతుంది. టిస్సాట్ వాళ్ళ పవర్‌మాటిక్ 80 మర గంటకి 21,600 సార్లు కొట్టుకుంటుంది. అంటే రోజుకి 5 లక్షల 18 వేల 400 సార్లు. అన్నిసార్లు కొట్టుకుని కూడా పొద్దుటికి పది, పదిహేను సెకన్ల తేడాతో నిలబడిందంటే, అది మనిషి చేతిపనికి దండం పెట్టాల్సిన సంగతి. మన పంచాంగం లెక్కలో విఘడియ అంటే 24 సెకన్లు. మంచి స్విస్ మర రోజుకి ఒక విఘడియ లోపలే తప్పుతుంది. ముహూర్తానికి ఇంతకంటే కచ్చితత్వం అడిగే పురోహితుణ్ణి నేనింతవరకు చూడలేదు. క్రోనోమీటర్ అని రాసి ఉన్నవాటిని స్విస్ పరీక్షా సంస్థ సి.ఓ.ఎస్.సి. 15 రోజులపాటు, అయిదు భంగిమల్లో, మూడు ఉష్ణోగ్రతల దగ్గర పరీక్షిస్తుంది. రోజుకి 4 సెకన్లు వెనక్కి, 6 సెకన్లు ముందుకి, ఆ హద్దు దాటకూడదు.

ఇప్పుడు రేట్ల మాట. రాడో అంటే మనవాళ్ళకి ఉన్న మోజు తెలిసిందే. 1962లో వచ్చిన డయాస్టార్ వాచీకి గీత పడని టంగ్‌స్టన్ కార్బైడ్ ఒళ్ళు, నీలమణి అద్దం పెట్టారు. గల్ఫు నుంచి వచ్చినాయన దాన్ని గోడకి రాసి చూపించి, తమ్ముడి చేత కూడా రాయించేవాడు. కానీ ఇవాళ కొత్త రాడో ఆటోమేటిక్, లాంజిన్స్, ఓరిస్, ఇవన్నీ ఎక్కువగా లక్ష దాటే మొదలవుతాయి. లక్షలోపు నమ్మకంగా దొరికేవి టిస్సాట్, హామిల్టన్, టిటోని లాంటివి. అరవై వేలు దాటాకే వీటి ఆటోమేటిక్‌లలో మంచివి కనబడతాయి. అరవై వేలంటే మామూలు కుటుంబానికి చిన్న మాట కాదు. అందుకే లోపలి మర పేరు అడగమంటాను.

మర పేరు అడిగితే షాపు కుర్రాడు ఓసారి మిమ్మల్ని ఎగాదిగా చూస్తాడు. చూడనివ్వండి. ఈ ధరలో ప్రధానంగా రెండు రకాలు. ఒకటి పవర్‌మాటిక్ 80. ఒకసారి నిండా స్ప్రింగు చుట్టుకుంటే 80 గంటలు నడుస్తుంది. శనివారం తీసి బల్ల మీద పెడితే సోమవారం పొద్దుటికి టైము చూపిస్తూనే ఉంటుంది. కొత్తవాటిలో నివాక్రాన్ అనే హెయిర్‌స్ప్రింగు వేస్తున్నారు, అయస్కాంతానికి అంత తొందరగా లొంగదు. మరి ఇబ్బంది ఏమిటంటే, దాని వేగాన్ని ఫ్యాక్టరీలోనే లేజరుతో సరిచేసి పంపుతారు. మన పాత వాచీల్లోలాగా చిన్న పుల్లని అటో ఇటో జరిపి సరిచేసే వీలుండదు. తేడా వస్తే కంపెనీ సర్వీసు సెంటర్‌కే పోవాలి. రెండో రకం ఇ.టి.ఎ. 2824, దాని నమూనాలోనే సెలిటా కంపెనీ చేసే ఎస్.డబ్ల్యు. 200. ఇవి నిండా చుట్టినా రోజున్నరకి కాస్త పైన ఆగిపోతాయి. కానీ దశాబ్దాలుగా ప్రపంచమంతా వాడిన మర. స్పేర్లు దొరుకుతాయి, హైదరాబాదులోనో విశాఖలోనో మంచి చేయి ఉన్న పాత మెకానిక్ ఎవరైనా విప్పగలడు. ఇరవై ఏళ్ళు ఉంచుకుని మనవడికి ఇద్దామనుకునేవాళ్ళయితే నేను ఈ రెండోదానికే మొగ్గుతాను.

"పదిహేడు జ్యువెల్స్", "ఇరవై అయిదు జ్యువెల్స్" అని పాతకాలం వాళ్ళు గొప్పగా చెప్పుకునేవారు, ఏదో కెంపులు పొదిగినట్టు. అవి కెంపులే గానీ ఫ్యాక్టరీలో చేసినవి. చక్రాల ఇరుసులు అరగకుండా పెట్టే రాళ్ళు. అమ్మబోతే రూపాయి రాదు. డయలు కింద ఆరంకె దగ్గర "స్విస్ మేడ్" అని ఉందా లేదా, అది చూడండి. ఆ రెండు మాటలు వేసుకోవాలంటే స్విస్ చట్టం ప్రకారం మర స్విస్‌ది కావాలి, వాచీ బిగింపు, చివరి తనిఖీ అక్కడే జరగాలి, 2017 నుంచి తయారీ ఖర్చులో కనీసం 60 శాతం ఆ దేశంలో పడాలి. ఉత్త "స్విస్ మూవ్‌మెంట్" అని రాసి ఉంటే మర ఒక్కటే అక్కడిది.

ఇక అసలు సంగతికి వస్తాను. ఇలాంటి వాచీలు పుట్టే లె లోక్ల్, లా షో ద ఫాన్ పట్టణాలు జురా కొండల్లో, సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంటాయి. చలి, మంచు. అక్కణ్ణుంచి తెచ్చి దాన్ని మనం ఎక్కడ కట్టుకుంటున్నాం? చుట్టూ గోదావరి పాయలు, ఓ పక్క సముద్రం, ఏడాదిలో ఎనిమిది నెలలు చెమట. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి కిటికీ ఊచలే పెచ్చులూడుతుంటే, తలవెంట్రుకంత స్క్రూ ఎంత? కోనసీమ వాచీ మూత తీస్తే మొదట తుప్పు కనబడేది కీ నుంచి లోపలికి వెళ్ళే సన్నని పుల్ల మీద. కీ బయటికి లాగి ఉన్నది చూసుకోకుండా చెయ్యి కడుక్కుంటాం, చెరువులో దిగుతాం, అలా వెళ్ళిన తేమ ఆ పుల్లని పట్టుకుంటుంది. అక్కణ్ణుంచి ఎర్రటి పొడి రాలి నూనెలో కలిసి చక్రాలని తినేస్తుంది. వానాకాలంలో అద్దం కింద ఆవిరి పట్టిందంటే అప్పటికే ఆలస్యం అయినట్టు. బియ్యం డబ్బాలో పెట్టి ఆరబెట్టడం లాంటివి చెయ్యకండి, వెంటనే విప్పించాలి.

కాబట్టి మన గాలికి తగ్గ వాచీ కొనాలి. నీళ్ళ విషయంలో 30 మీటర్లు అని రాసి ఉంటే ముప్ఫై మీటర్ల లోతు దాకా దిగొచ్చని కాదు. చేతులు కడుక్కునేప్పుడు చినుకులు పడితే పరవాలేదని మాత్రమే. టిస్సాట్ లె లోక్ల్ చాలా అందమైన వాచీ, రోమన్ అంకెలు, తోలు బెల్టు, పెళ్ళికొడుకు చేతికి చక్కగా ఉంటుంది. కానీ అది 30 మీటర్ల వాచీ. అదే కంపెనీ పి.ఆర్.ఎక్స్. 100 మీటర్లది, స్టీలు చైనుతో వస్తుంది. ఆ పేరులో చివరి ఎక్స్ రోమన్ పది, పది వాతావరణ పీడనాలకి గుర్తు. టిస్సాట్ జెంటిల్‌మన్ కూడా 100 మీటర్లే. కొబ్బరితోటలో తిరిగేవాళ్ళు, మోటారు సైకిలు మీద వానలో పడి వెళ్ళేవాళ్ళు ఈ 100 మీటర్ల రకమే కట్టాలి. తోలు బెల్టుకి శ్రావణ భాద్రపదాల్లో మన దగ్గర ఎలాగూ బూజు పడుతుంది. చైను లింకుల మధ్య చెమట, కొబ్బరినూనె కలిసి నల్లటి మట్టిలా పేరుకుంటుంది. నెలకోసారి కీ లోపలికి గట్టిగా నొక్కి, కాస్త సబ్బునీళ్ళతో మెత్తని బ్రష్షు పెట్టి రుద్దుకుంటే చాలు. మూత కింద రబ్బరు వాషరు మన వేడికి గట్టిపడుతుంది, రెండు మూడేళ్ళకోసారి మార్పించి నీళ్ళ పరీక్ష చేయించాలి. ఇందుకయ్యే ఖర్చు తక్కువ. అది మానేస్తే వచ్చే బిల్లు ఎక్కువ.

పూర్తి సర్వీసింగ్, అంటే మొత్తం విప్పి, కడిగి, నూనెలు పెట్టి బిగించడం, అయిదు నుంచి ఏడేళ్ళకోసారి. కంపెనీ సెంటర్లో దానికి కొన్న ధరలో పదో వంతయినా, ఇంకా పైమాటయినా అవ్వచ్చు. ఏనుగుని కొనగలిగినవాడు అంకుశం దగ్గర బేరమాడినట్టు, డెబ్బై వేలు పెట్టి వాచీ కొన్నాయన సర్వీసింగ్ దగ్గర మూలుగుతాడు. నడుస్తోంది కదా అని పదిహేనేళ్ళు వదిలేస్తాడు. నూనె ఎండిన మర కూడా నడుస్తూనే ఉంటుంది, తనని తాను అరగదీసుకుంటూ.

దుబాయ్‌లో కొనాలా, ఇక్కడా? మొన్నటిదాకా ఈ ప్రశ్నకి జవాబు ఒకటే, దుబాయ్. మన దగ్గర స్విస్ వాచీ మీద 20 శాతం కస్టమ్స్ సుంకం, దానిపైన సర్‌చార్జి, ఆపైన 18 శాతం జి.ఎస్.టి. ఉండేవి. కానీ 2024 మార్చి 10న స్విట్జర్లాండ్ కూడా ఉన్న ఎఫ్టా దేశాలతో మనదేశం వాణిజ్య ఒప్పందం చేసుకుంది. 2025 అక్టోబరు 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. వాచీల మీద సుంకం ఏడేళ్ళలో దశలవారీగా పోతుంది. అంటే ఏడాదికేడాది ఆ తేడా సన్నబడుతుంది. పండగ తగ్గింపుల్లో హైదరాబాద్, విజయవాడ, విశాఖ రేట్లని దుబాయ్ రేటు పక్కన పెట్టి చూడండి, కొన్నిసార్లు విమానం మీద మోసుకొచ్చినందుకు మిగిలేది పెద్దగా ఉండదు. అక్కడే కొంటే మాత్రం కంపెనీ గుర్తింపు ఉన్న షాపులోనే కొని, వారంటీ కార్డు మీద తేదీ, షాపు ముద్ర దగ్గరుండి వేయించుకోండి. అది ఉంటేనే ఇక్కడి సర్వీసు సెంటర్ వారంటీ ఒప్పుకుంటుంది. బిల్లు పారేయకండి, సుంకం లేకుండా తెచ్చుకునే పరిమితి దాటితే విమానాశ్రయంలో చెప్పి కట్టేయండి. చేతికి కట్టుకున్నది లెక్కలోకి రాదని స్నేహితులు చెబుతారు. కస్టమ్స్ వాళ్ళు అలా అనుకోరు.

ఫోన్లో అయిదారు వేలకి కనబడే "పాత స్విస్ వాచీ" గురించి కూడా ఒక ముక్క. ఫేవర్ లూబా, పాత రాడో, అందమైన ఎర్ర డయలో పచ్చ డయలో. వీటిలో చాలా వాటికి ముంబయిలో కొత్త రంగు వేస్తారు. ఒళ్ళు ఒకదానిది, మర ఇంకొకదానిది, ముళ్ళు మూడోదానివి. డయలు మీద అక్షరాలు భూతద్దంలో చూస్తే అంచులు చెదిరి ఉంటాయి. సరదాకి కొనుక్కుంటే కొనుక్కోండి, తాతగారి వాచీ లాంటిది అనుకుని కొనకండి. నిజంగా తాతగారి వాచీ బీరువాలో పడి ఉంటే కొత్తదానికంటే ముందు దాన్ని బాగుచేయించండి. ఫేవర్ లూబా పేరు కూడా టైటాన్ చేతిలో కొన్నాళ్ళు ఉండి, ఇప్పుడు మన దేశపు వాచీ వ్యాపార సంస్థే అయిన ఇథోస్ అధీనంలోకి వచ్చింది, మళ్ళీ కొత్త మోడళ్ళు వస్తున్నాయి.

కొన్నాక వాడకం గురించి నాలుగు మాటలు. ఆటోమేటిక్ అంటే చెయ్యి కదిలితే చుట్టుకునేది. ఉద్యోగ విరమణ చేసి వాలుకుర్చీలో పేపరు చదువుకునే మాస్టారి చేతికి అది సరిగ్గా చుట్టుకోదు, సాయంత్రానికి వెనకబడుతుంది. అందులో వాచీ తప్పేమీ లేదు, పొద్దున్నే ఓ ఇరవై చుట్లు కీ ఇవ్వండి. రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారుజాము మూడు మధ్య తేదీ మార్చకండి, ఆ వేళలో తేదీ చక్రాల పళ్ళు కలిసి ఉంటాయి, విరుగుతాయి. ఉన్నట్టుండి రోజుకి నిమిషాల చొప్పున ముందుకి పరిగెడితే కంగారు పడొద్దు, ఏ స్పీకరు పక్కనో పెట్టి ఉంటారు, అయస్కాంతం పట్టి ఉంటుంది. సర్వీసు సెంటర్లో క్షణంలో వదలగొడతారు. బీరువాలో పెట్టి ఆగిపోతే చెడిపోదు. దాన్ని తిప్పే పెట్టెలు అమ్ముతున్నారు, వాటికి డబ్బు దండగ.

స్విస్ అనే పేరు మీద అంత పట్టు లేనివాళ్ళకి సీకో, సిటిజన్ ఆటోమేటిక్‌లు సగానికో, అంతకంటే తక్కువకో వస్తాయి. ఒకప్పటి గల్ఫు చేతుల మీద ఏళ్ళ తరబడి ఎండకి, చెమటకి నిలిచినవి సీకో 5 వాచీలే. వాటిని నేను తక్కువ చెయ్యను.

షాపులో డబ్బు కట్టే ముందు మూడు అడగండి. లోపల మర ఏది? సర్వీసుకి ఇస్తే ఏ ఊరు పంపుతారు, ఎన్నాళ్ళు పడుతుంది? వాషరు మార్చి నీళ్ళ పరీక్ష ఇక్కడే చేస్తారా? రెండోదానికి సూటిగా జవాబు రాకపోతే ఇంకో షాపు చూసుకోండి. చైను చేతికి సరిపెట్టేటప్పుడు తీసేసిన లింకులు మాత్రం మర్చిపోకుండా అడిగి పెట్టెలో వేయించుకోండి. ముఖ్యంగా కొత్త అల్లుడికి కొనేవాళ్ళు. పెళ్ళినాడు కొలిచిన మణికట్టు, మన గోదావరి జిల్లాల్లో ఒక్క సంక్రాంతి గడిచాక అదే కొలతలో ఉండదు.